కన్ను వెనకాల నొప్పి, వాలిన రెప్ప, రెండుగా కనిపించడం: అసలు కారణం ఎలా తేలుస్తారు?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి 54 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఎనిమిది రోజులుగా కుడి కన్ను వెనకాల పోటు. ఐదో రోజున రెప్ప వాలిపోయింది, చేత్తో రెప్ప ఎత్తి చూస్తే అన్నీ రెండుగా కనిపిస్తున్నాయి. కంటి డాక్టర్ "కన్ను బాగానే ఉంది, నరాల డాక్టర్‌ను కలవండి" అన్నారు. అక్కడ ఒకరు షుగర్ వల్లే అన్నారు, ఇంకొకరు టొలోసా హంట్ సిండ్రోమ్ (కన్ను వెనకాల నరాల దారిలో కారణం తెలియకుండా వచ్చే వాపు) కావచ్చన్నారు. ఎమ్మారై, సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపించే స్కాన్), బోలెడు రక్త పరీక్షలు రాశారు. అసలు ఎన్ని కారణాలుంటాయి, ఏది అని ఎలా తేలుస్తారు, స్టెరాయిడ్ వేస్తే రెండు రోజుల్లో తగ్గుతుందంటుంటే పరీక్షల కోసం అమ్మ ఈ నొప్పిని ఎందుకు భరించాలి అని అడిగారు.

ముందుగా ఒక మాట. ఇది చదివే లోపు అమ్మగారికి కుడి కనుపాప ఎడమదానికంటే పెద్దగా కనిపించినా, ఆ కంటి చూపు మసకబారినా, జ్వరం వచ్చినా, కన్ను ముందుకు ఉబ్బినా, ముక్కులో నల్లటి పెచ్చు గానీ బుగ్గ మీద తిమ్మిరి గానీ కనిపించినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఈ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మిగతాది తర్వాత చదవచ్చు.

ఇక మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. నరాలకు సంబంధించిన కంటి సమస్యలు చూడటమే నా పని, ఇరవై ఏళ్లు దాటింది. ఈ జబ్బులో నేను చూసిన పెద్ద నష్టాల్లో ఎక్కువ భాగం ఒకే చోట జరిగాయి. పేరు తేలకముందే స్టెరాయిడ్ మొదలైంది, నొప్పి తగ్గింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, వెతకడం ఆగిపోయింది. స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది, వాపు తగ్గితే నొప్పి తగ్గుతుంది. ఆ వాపు దానంతటదే వచ్చిందా, వెనకాల లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) ఉందా, ఫంగస్ ఉందా అన్నది ఆ మాత్రకు తెలియదు. అందుకే మీ డాక్టర్ పరీక్షలు రాశారు. అది సరైన పని.

ఎందుకు ఇన్ని కారణాలు ఉంటాయో అర్థం కావాలంటే లోపలి దారి కొంచెం తెలియాలి. కంటిని కదిలించేవి ఆరు కండరాలు. వాటిని నడిపేవి మెదడు నుంచి వచ్చే మూడు నరాలు. మూడో నరం నాలుగు కండరాలను కదిలిస్తుంది, రెప్పను పైకెత్తుతుంది, కనుపాపను చిన్నది చేస్తుంది. నాలుగో నరం ఒకే కండరానికి వెళ్తుంది, కన్ను కిందికి దిగడానికి, కొద్దిగా లోపలికి తిరగడానికి అది కావాలి. ఆరో నరం కన్నును బయటివైపుకు తిప్పుతుంది. ఈ మూడూ మెదడు కాండం నుంచి బయల్దేరి పిట్యూటరీ గ్రంథికి పక్కనే ఉన్న కావెర్నస్ సైనస్ అనే ఇరుకు గదిలోంచి వెళ్తాయి. ఆ గదినిండా సిర రక్తం, మధ్యలో మెదడుకు వెళ్లే పెద్ద ధమని. గోడలో మూడో నరం, నాలుగో నరం, వాటితోపాటు నుదురు, బుగ్గల స్పర్శను మోసే ఐదో నరం కొమ్మలు. ఆరో నరం మాత్రం గోడలో కాకుండా ధమని పక్కనే నడుస్తుంది. అక్కడినుంచి చిన్న చీలికలాంటి సందులోంచి కంటి గూటిలోకి వెళ్తాయి. గూటి చివర, ఆ మూల దగ్గర, చూపు నరం కూడా వీటితో కలుస్తుంది.

కాబట్టి ఏ నరాలు కలిసి దెబ్బతిన్నాయో చూస్తే జబ్బు ఎక్కడ కూర్చుందో చాలావరకు చెప్పొచ్చు. మూడో నరం ఒక్కటే అయితే ఒక ఆలోచన. మూడు, నాలుగు, ఆరు కలిసి, నుదుటి మీద స్పర్శ కూడా తగ్గితే కావెర్నస్ సైనస్ గానీ ఆ సందు గానీ. వీటన్నిటితోపాటు చూపు కూడా తగ్గితే గూటి చివర. బుగ్గ కూడా తిమ్మిరెక్కితే కావెర్నస్ సైనస్ వైపు అనుమానం పెరుగుతుంది. నొప్పికి కారణం ఆ ఐదో నరమే. వాపు గానీ ఒత్తిడి గానీ దాని కొమ్మను తాకితే కన్ను వెనకాల, కనుబొమ్మ మీద పోటు వస్తుంది.

మీ విషయంలో మొదట తేలాల్సింది ఇదే: అమ్మగారికి మూడో నరం ఒక్కటే పోయిందా, మిగతావి కూడా పోయాయా? వాలిన రెప్ప వెనకాల కన్ను ఎటు తిరగడం లేదో మీరు రాయలేదు. ఇది పరీక్ష గదిలో పది నిమిషాల పని. కానీ ఓపిగ్గా చెయ్యాలి. మసక వెలుతురులో కూర్చోబెట్టి రెప్పను వేలితో పైకెత్తి పట్టుకుంటాను. కన్ను బయటికి, కిందికి జారి ఉంటే మూడో నరం. బయటికి కూడా వెళ్లకపోతే ఆరో నరం కూడా. నాలుగో నరం చూడటం కష్టం, ఎందుకంటే మూడోది పోయినప్పుడు కన్ను సరిగ్గా కిందికి దిగదు. అప్పుడు "మీ పాదాల వైపు చూడండమ్మా" అని, తెల్లగుడ్డు మీద ఒక సన్నటి ఎర్ర రక్తనాళాన్ని గుర్తుపెట్టుకుని దానివైపే చూస్తాను. కన్ను దిగకపోయినా ఆ గీత కొంచెం ముక్కువైపు తిరిగితే నాలుగో నరం బతికే ఉన్నట్టు. కదలకుండా ఉంటే మూడు, నాలుగు రెండూ పోయినట్టే, అంటే సమస్య షుగర్ వల్ల దెబ్బతిన్న ఒక్క నరంలో కాక ఆ ఇరుకు గదిలో ఉందని ఆలోచించాలి. తర్వాత దూది పోచతో నల్లగుడ్డు అంచును తాకి రెండు కళ్లూ ఒకేలా ఆర్పుతున్నాయా అని చూడాలి. చాలాచోట్ల ఈ దూది పోచ పరీక్షను వదిలేస్తున్నారు. దానికి పట్టేది పావు నిమిషం.

ఇక కనుపాప. మూడో నరంలో కనుపాపను చిన్నది చేసే పోగులు నరం పైపొరలో ఉంటాయి. బయటినుంచి ఏదైనా ఒత్తితే ముందు అవే నలుగుతాయి, కనుపాప పెద్దదై టార్చి వెలుగుకు స్పందించదు. షుగర్‌లో జరిగేది వేరు. నరానికి రక్తమిచ్చే సన్నటి నాళాలు మూసుకుపోయి లోపలి భాగం దెబ్బతింటుంది, పైపొరకు పక్కనుంచి కొంత రక్తం అందుతూనే ఉంటుంది. అందుకే షుగర్ వల్ల వచ్చిన మూడో నరం పక్షవాతంలో సాధారణంగా కనుపాప మామూలుగానే ఉంటుంది, తేడా ఉన్నా కొద్దిగానే.

కనుపాప పెద్దదై ఉంటే భయం దేనికంటే, మెదడు కింది భాగంలో ధమని మీద బుడ్డలా ఉబ్బే ఎన్యూరిజం. ముఖ్యంగా పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని మొదలయ్యే చోట వచ్చే బుడ్డ సరిగ్గా మూడో నరాన్నే ఒత్తుతుంది. అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సీటీ యాంజియోగ్రామ్ రాశారు. అది కొద్ది నిమిషాల్లో అయ్యే పరీక్ష, అలాంటి బుడ్డలను దాదాపు అన్నింటినీ పట్టుకుంటుంది. ఇంకా అనుమానం మిగిలితే కేథటర్‌తో చేసే యాంజియోగ్రామ్ ఉంది. కనుపాప బాగుందని నిశ్చింతగా ఉండొచ్చా అంటే, రెప్ప పూర్తిగా వాలి, కన్ను ఆ నరం దిక్కుల్లో అసలు కదలకుండా, కనుపాప మాత్రం పూర్తిగా మామూలుగా ఉంటేనే ఆ ధైర్యం. పక్షవాతం సగం సగంగా ఉంటే కనుపాప మాట నమ్మకూడదు. ఒత్తిడి ఇంకా పెరుగుతూ ఉండొచ్చు, కనుపాప నాలుగు రోజుల తర్వాత పెద్దదవ్వచ్చు. కాబట్టి మొదటి వారం పది రోజులు రోజూ కనుపాప చూడాలి. ఇంట్లో మీరే చూడొచ్చు. మసక గదిలో కూర్చోబెట్టి, రెప్ప ఎత్తి, రెండు కనుపాపలూ ఒకే సైజులో ఉన్నాయా అని ఫోన్‌తో ఫోటో తీసి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.

షుగర్ వల్ల వచ్చేది ఈ జాబితాలో మంచి జబ్బు. నొప్పి వస్తుంది, కొందరిలో చాలా తీవ్రంగా కూడా, తరచుగా రెప్ప వాలడానికి ముందే. నొప్పి ఉందంటే షుగర్ కాదు అనే మాట తప్పు. బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం కూడా ఇదే పని చేస్తాయి. ఈ నరం సాధారణంగా మూడు నెలల్లోపు తిరిగి పనిచేస్తుంది. దీనికి స్టెరాయిడ్‌తో పని లేదు, పైగా షుగర్‌ను ఎక్కడికో తీసుకెళ్తుంది.

అయితే షుగర్ ఉన్న మనిషిలో షుగర్‌ను నిందించడం చాలా తేలిక. అదే మనిషికి ప్రమాదకరమైన ఇంకో జబ్బు వచ్చే అవకాశం కూడా షుగర్ వల్లే ఎక్కువ. మ్యూకర్‌మైకోసిస్ గురించి చెప్తున్నాను. కోవిడ్ కాలంలో బ్లాక్ ఫంగస్ పేరుతో అందరి నోళ్లలో నానింది, అప్పుడు స్టెరాయిడ్లు వాడిన షుగర్ రోగులే ఎక్కువగా బలయ్యారు. ఇది ముక్కులో, సైనస్‌లలో మొదలై, రక్తనాళాల గోడల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది, రక్తం అందని కండ చచ్చిపోయి నల్లబడుతుంది. అక్కడినుంచి కంటి గూటికి, కావెర్నస్ సైనస్‌కు, మెదడుకు రోజుల్లో పాకుతుంది. మొదట్లో కనిపించేది ఏమిటి? ఒకవైపు ముఖం నొప్పి, బుగ్గ తిమ్మిరి, పై పన్ను కదలడం, ముక్కులోంచి నల్లటి లేదా రక్తపు చీమిడి, ఆపై రెప్ప వాలడం. నల్లటి పెచ్చు కోసం ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది, అది తర్వాత వస్తుంది. షుగర్ ఉన్న మనిషికి కన్ను నొప్పితో కండరాలు పడిపోతే నేను ముక్కు చెవి గొంతు డాక్టర్‌ను అదే రోజు పిలిపించి ఎండోస్కోప్‌తో ముక్కులోపల చూడమంటాను. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే వెడల్పాటి ఫంగస్ దారాలు కనిపిస్తాయి. ఎమ్మారైలో కాంట్రాస్ట్ (స్కాన్ కోసం సిరలోకి ఎక్కించే మందు) ఎక్కకుండా నల్లగా మిగిలిపోయిన ముక్కు లోపలి భాగం కూడా బలమైన ఆధారం. దీనికి వైద్యం యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందుతోపాటు చచ్చిన కండను ఆపరేషన్ చేసి తీసేయడం. ఇక్కడ పొరపాటున స్టెరాయిడ్ పడితే ఏమవుతుందో మీరే ఊహించండి.

అమ్మగారి ముక్కులో ఎవరైనా చూశారా? ఈ ఒక్క ప్రశ్న రేపు మీ డాక్టర్‌ను తప్పకుండా అడగండి. షుగర్ బాగా అదుపు తప్పితే పెరిగే కీటోన్ల కోసం పరీక్ష కూడా చేశారేమో కనుక్కోండి.

ఆస్పర్‌జిల్లస్ అనే ఇంకో ఫంగస్ మెల్లగా నడుస్తుంది. కన్నుకు వెనకాల లోతుగా ఉండే స్ఫీనాయిడ్ సైనస్‌లో కూర్చుని వారాల తరబడి టొలోసా హంట్‌లాగే కనిపిస్తుంది. స్టెరాయిడ్‌కు మొదట నొప్పి తగ్గుతుంది కూడా. తర్వాత తిరగబెడుతుంది, ఈసారి చూపుతో సహా.

ఇప్పుడు టొలోసా హంట్ సంగతి. 1954లో స్పెయిన్ న్యూరోసర్జన్ ఎడ్వార్డో టొలోసా ఒక రోగి గురించి రాశారు. కన్ను వెనకాల నొప్పి, కంటి కదలికలన్నీ ఆగిపోవడం, ఆ మనిషి చనిపోయాక చూస్తే కావెర్నస్ సైనస్‌లో ధమని చుట్టూ గ్రాన్యులోమా రకం వాపు, అంటే రక్షణ కణాలు చిన్న చిన్న ముద్దలుగా పోగైన వాపు. 1961లో అమెరికాలో విలియం హంట్, ఆయన సహచరులు ఇలాంటివే ఆరుగురి గురించి రాసి, స్టెరాయిడ్‌కు ఎంత త్వరగా తగ్గుతుందో చూపించారు. 1966లో ఈ ఇద్దరి పేర్లూ కలిపి జబ్బుకు పెట్టారు. చాలా అరుదైన జబ్బు, ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికి వస్తుందని సాధారణంగా చెప్పే లెక్క. దీనికి రక్త పరీక్ష లేదు. కారణం తెలియని వాపు కాబట్టి తెలిసిన కారణాలన్నీ లేవని తేల్చుకున్నాకే ఈ పేరు పెట్టాలి.

అంతర్జాతీయ తలనొప్పి సంఘం వర్గీకరణ ప్రకారం ఇది అనాలంటే నొప్పి ఒకే కంటి చుట్టూ ఉండాలి. కావెర్నస్ సైనస్‌లో గానీ, సందులో గానీ, గూటిలో గానీ గ్రాన్యులోమా వాపు ఎమ్మారైలోనో బయాప్సీలోనో కనిపించాలి. మూడు, నాలుగు, ఆరు నరాల్లో కనీసం ఒకటి అదే వైపు దెబ్బతినాలి. నొప్పి పక్షవాతంతోపాటు గానీ, దానికి రెండు వారాల ముందు లోపు గానీ మొదలై ఉండాలి. 2004 నాటి వర్గీకరణలో స్టెరాయిడ్ ఇచ్చిన 72 గంటల్లో తగ్గాలి అన్న షరతు కూడా ఉండేది. 2018లో అచ్చయిన మూడో వర్గీకరణ షరతుల్లో అది లేదు. ఆ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ నాకు చాలా ముఖ్యం. మీకు చెప్పిన "రెండు రోజుల్లో తగ్గితే అదే టొలోసా హంట్" అనే మాట పాత షరతు నుంచి వచ్చింది.

ఆ మాట ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి ఒక అనుభవం. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. అంతకు నాలుగు నెలల ముందు వేరే చోట ఇదే సమస్యతో చూపించుకుంటే స్టెరాయిడ్ ఇచ్చారు, మూడో రోజుకు నొప్పి పోయింది, నెలలో రెప్ప లేచింది. మందు తగ్గించగానే మళ్లీ వచ్చింది, మళ్లీ ఇచ్చారు, మళ్లీ తగ్గింది. మూడోసారి వచ్చినప్పుడు నా దగ్గర కూర్చున్నారు. పాత స్కాన్ ఫిల్ములను కిటికీ వెలుగుకు పట్టుకుని చూశాను. కాంట్రాస్ట్ లేకుండా చేసిన మామూలు బ్రెయిన్ ఎమ్మారై. నరాలు నడిచే ఆ గది అందులో ఒకటి రెండు మందపాటి ముక్కల్లో వచ్చింది, అంతే. రిపోర్టులో నార్మల్ అని ఉంది. స్టెరాయిడ్ మెల్లగా ఆపి, మళ్లీ సరిగ్గా స్కాన్ చేయించి, బయాప్సీ చేయిస్తే లింఫోమా అని తేలింది. స్టెరాయిడ్‌కు లింఫోమా కణాలు కరుగుతాయి, కొన్ని వారాలపాటు జబ్బు నయమైనట్టే ఉంటుంది. పైగా మందు మీద ఉండగా ముక్క తీస్తే అందులో ఏమీ కనిపించకపోవచ్చు. ఆ నాలుగు నెలలు ఆయనకు తిరిగి రాలేదు. అప్పటినుంచి నేను స్టెరాయిడ్ రాసే ముందు ప్రతిసారీ ఆ కిటికీ వెలుగు గుర్తుకొస్తుంది.

అందుకని మీకు రాసిన ఎమ్మారై ఏ రకమో చూసుకోండి. ఉత్త బ్రెయిన్ ఎమ్మారై చాలదు. కాంట్రాస్ట్‌తో, కావెర్నస్ సైనస్ మీద, రెండు కంటి గూళ్ల మీద సన్నటి ముక్కలుగా, కంటి వెనక కొవ్వు మెరుపును అణచే పద్ధతిలో చెయ్యాలి. కాగితం మీద అలా రాసి లేకపోతే రాయించుకోండి. ముందు కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, చూపించుకోండి, షుగర్ ఉన్నవాళ్లకు కాంట్రాస్ట్ ఇచ్చేముందు అది కావాలి. ఎమ్మారైలో ఆ గది గోడ ఉబ్బి, కాంట్రాస్ట్ ఎక్కితే అది వాపా, మెనింజియోమా (మెదడు పొరల్లో వచ్చే గడ్డ) నా, లింఫోమానా అన్నది బొమ్మ చూసి మాత్రమే ఎప్పుడూ చెప్పలేం. మూడూ దాదాపు ఒకేలా కనిపించే సందర్భాలు ఉన్నాయి. మొదటి ఎమ్మారై ఏమీ చూపించకపోయినా కొన్ని వారాలకు మళ్లీ తీస్తే కనిపించిన సందర్భాలూ ఉన్నాయి.

రక్త పరీక్షలు ఎందుకు అన్ని రాశారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఒక్కొక్కటి ఒక్కో దొంగను వెతకడానికి. ఈఎస్సార్, సీఆర్పీ రక్తనాళాల వాపు కోసం, ఇన్‌ఫెక్షన్ కోసం. ఏఎన్‌సీఏ అనేది గ్రాన్యులోమా రకం రక్తనాళాల జబ్బు కోసం. ఏసీఈ, ఛాతీ స్కాన్ సార్కాయిడ్ (ఊపిరితిత్తుల్లో, ఇతర అవయవాల్లో గ్రాన్యులోమాలు పుట్టే జబ్బు) కోసం, అదే స్కాన్‌లో టీబీ, ఊపిరితిత్తి గడ్డలు కూడా తెలుస్తాయి. సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు చూసి ఇబ్బంది పడకండి, అవి అందరికీ చేసేవే. థైరాయిడ్, ఐజీజీ4 గూటిలో కండరాలు ఉబ్బితే పనికొస్తాయి. ఎమ్మారైలో మెదడు పొరలు కూడా మెరుస్తుంటే, లేదా కారణం తేలక మిగిలిపోతే, నడుము నుంచి నీరు తీసి అందులో క్యాన్సర్ కణాలు, టీబీ వెతుకుతారు. ఆ పేరు వింటే ఇంట్లోవాళ్లకు టెన్షన్ వస్తుంది గానీ చాలామందికి ఒకట్రెండు రోజుల తలనొప్పికి మించి ఇబ్బంది ఉండదు.

రెండు జబ్బుల్లో మాత్రం పరీక్షలు పూర్తయ్యేదాకా స్టెరాయిడ్ ఇవ్వకుండా ఆగకూడదు, ఇది కూడా చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. ఒకటి జెయింట్ సెల్ ఆర్టెరైటిస్, అంటే తలలోని ధమనుల గోడల వాపు. 50 దాటినవాళ్లకే వస్తుంది, ఎక్కువగా 70లలో. కణత దగ్గర నొప్పి, దువ్వెన పెడితే తల చర్మం నొప్పి, నమిలేటప్పుడు దవడ లాగడం, బరువు తగ్గడం, ఈ మధ్యలో రెండుగా కనిపించడం. దీంట్లో ఏ క్షణమైనా చూపు శాశ్వతంగా పోవచ్చు కాబట్టి బలమైన అనుమానం ఉంటే ముందు స్టెరాయిడ్ మొదలుపెట్టి, కణత ధమని బయాప్సీ తర్వాతి రోజుల్లో చేస్తారు. ఈఎస్సార్ నార్మల్ వచ్చినంత మాత్రాన ఇది లేదనుకోకూడదు. అమ్మగారికి 54 కాబట్టి దవడ గురించి ఒకసారి అడగండి. రెండోది పిట్యూటరీ గ్రంథిలో ఉన్నట్టుండి రక్తస్రావం కావడం. ఒక్కసారిగా భయంకరమైన తలనొప్పి, వాంతులు, చూపు పక్కలు మూసుకుపోవడం, కళ్లు కదలకపోవడం. అప్పుడు శరీరం తనకు కావాల్సిన స్టెరాయిడ్ హార్మోన్‌ను తయారు చేసుకోలేదు, హైడ్రోకార్టిసోన్ ఇవ్వకపోతే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. మామూలు సీటీలో ఇది తరచుగా దొరకదు, ఎమ్మారైలో తెలుస్తుంది.

మిగతావి త్వరగా చెప్తాను. కన్ను ఎర్రగా ఉండి, ముందుకు ఉబ్బి, తలలో గుండె చప్పుడులా హోరు వినిపిస్తుంటే ధమనికీ కావెర్నస్ సైనస్‌కూ మధ్య దారి పడి ఉండొచ్చు. తలకు దెబ్బ తగిలాక వచ్చేది ఒక్కసారిగా వస్తుంది, పెద్దవయసు ఆడవాళ్లలో దెబ్బ లేకుండా మెల్లగా వచ్చేదాన్ని నెలల తరబడి కళ్లకలక అనుకుని చుక్కలు వేస్తూ ఉంటారు. జ్వరంతో, ముఖం మీద గానీ సైనస్‌లలో గానీ చీముతో మొదలై, ఒకట్రెండు రోజుల్లో రెండో కంటికి కూడా పాకితే కావెర్నస్ సైనస్‌లో రక్తం గడ్డకట్టినట్టు, అదే గంటలో యాంటీబయాటిక్ పడాలి. కన్ను కదిలించిన ప్రతిసారీ నొప్పి పెరుగుతుంటే గూటిలో కండరానికే వాపు, స్కాన్‌లో కండరం దాని కొన దాకా ఉబ్బి ఉంటుంది. థైరాయిడ్ జబ్బులో కండరం ఉబ్బుతుంది గానీ కొన మామూలుగానే ఉంటుంది, నొప్పి కూడా సాధారణంగా అంత ఉండదు. నుదుటి మీద, ముక్కు కొన మీద నీటి పొక్కులు వస్తే హెర్పిస్ జోస్టర్, కండరాలు పొక్కులు వచ్చిన కొన్ని వారాలకు కూడా పడిపోవచ్చు. చెవిలో చీముతోపాటు కన్ను బయటికి తిరగకపోతే చెవి వెనక ఎముక లోతుల్లో ఇన్‌ఫెక్షన్. ఒకవైపు చెవి మూసుకుపోవడం, ముక్కులో రక్తం, మెడలో గడ్డ ఉంటే ముక్కు వెనక గొంతులో క్యాన్సర్ వెతకాలి. గతంలో రొమ్ము, ఊపిరితిత్తి క్యాన్సర్ వచ్చినవాళ్లకు అది ఇక్కడికి పాకిందేమో చూడకుండా వేరే పేరు పెట్టకూడదు. ముఖం మీద చర్మపు క్యాన్సర్ ఎప్పుడో తీయించుకున్నవాళ్లలో అది నరం వెంట ఏళ్ల తర్వాత ఇంత లోపలికి వచ్చిన సందర్భాలున్నాయి, పాత మచ్చల గురించి అడగాలి.

పిల్లల్లో తలనొప్పి వచ్చిన కొన్ని రోజులకు రెప్ప వాలి, తగ్గి, మళ్లీ వచ్చే ఒక రకం ఉంది. దాన్ని ఒకప్పుడు మైగ్రేన్ అనేవాళ్లు, ఇప్పుడు నరం జబ్బుగానే లెక్కిస్తున్నారు. అమ్మగారి వయసుకు అది మొదటిసారి అనుకోవాల్సింది కాదు. ఇక మయస్థీనియా (నరం నుంచి కండరానికి సంకేతం సరిగ్గా అందని జబ్బు) గురించి ఎవరో మీకు చెప్పారని రాశారు. అందులో నొప్పి ఉండదు, కనుపాప ఎప్పుడూ దెబ్బతినదు, రెప్ప పొద్దున బాగుండి సాయంత్రానికి వాలుతుంది. అమ్మగారి కథ అలా లేదు.

మీరు రాసినదాన్ని బట్టి నా అంచనా అడిగితే, కన్ను బయటికి బాగా తిరుగుతూ, కనుపాప మామూలుగా, నుదుటి స్పర్శ బాగుంటే షుగర్‌కే ఎక్కువ మొగ్గుతాను, అయినా యాంజియోగ్రామ్ మానను. కన్ను ఏ దిక్కుకూ తిరగకపోతే, నుదురు తిమ్మిరిగా ఉంటే ముక్కులో చూడటం, కాంట్రాస్ట్ ఎమ్మారై రెండూ రేపటికి వాయిదా వేయను. ఇవన్నీ పూర్తి కావడానికి రెండు మూడు రోజులు చాలు. ఆ రెండు రోజులు నొప్పి భరించమని ఎవరూ అనరు, స్టెరాయిడ్ కాని నొప్పి మందులు ఉన్నాయి, డాక్టర్‌ను అడిగి వేయండి. కిడ్నీ రిపోర్టు చూడకుండా మందుల షాపులో కొనే నొప్పి మాత్రలు మాత్రం వద్దు.

చివరికి టొలోసా హంట్ అనే తేలి స్టెరాయిడ్ మొదలుపెడితే, షుగర్ రోజుకు కనీసం నాలుగుసార్లు చూసుకోవాలి, ఇన్సులిన్ కావాల్సి రావచ్చు. నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది, కదలిక రావడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మందు ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. ఒకటి రెండు నెలలకు ఎమ్మారై మళ్లీ తీయాలి, గోడ మామూలయ్యేదాకా తీస్తూ ఉండాలి, తర్వాత కూడా కొంతకాలం. దాదాపు సగం మందిలో ఇది నెలలకో ఏళ్లకో మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి వెతకాలి. మందు తగ్గిస్తుండగానే తిరగబెట్టినా, బొమ్మలో వాపు తగ్గకపోయినా, కొత్త నరం పోయినా బయాప్సీ మాట మాట్లాడాలి.

ఈలోగా రెండుగా కనిపించడానికి ఒక కన్ను మూసే ప్యాచ్ పెట్టండి. రెప్ప పూర్తిగా వాలి ఉంటే అది కూడా అక్కర్లేదు. బండి నడపనివ్వకండి, మెట్లు దిగేటప్పుడు పక్కన ఉండండి. నుదురు తిమ్మిరిగా ఉంటే నల్లగుడ్డు మీద కూడా స్పర్శ తగ్గి ఉండొచ్చు, అప్పుడు నలుసు పడినా తెలియదు. డాక్టర్ రాసిన కన్నీటి చుక్కలు క్రమం తప్పకుండా వేయండి.

షుగర్ వల్లే అని తేల్చి ఇంటికి పంపినా ఒక లెక్క పెట్టుకోండి. మూడు నెలలు. అప్పటికి రెప్ప లేవకపోతే, కన్ను కదలకపోతే ఆ పేరు తప్పయి ఉండొచ్చు, మళ్లీ స్కాన్ తీయించాలి. ఇంకొకటి కూడా గమనించండి. కోలుకునే రోజుల్లో అమ్మగారిని ముక్కువైపు, తర్వాత కిందికి చూడమనండి. అలా చూసినప్పుడు ఆ రెప్ప దానంతటదే పైకి లేస్తుంటే నరం పోగులు దారి తప్పి మొలిచినట్టు. షుగర్ వల్ల దెబ్బతిన్న నరంలో అలా జరగదు, ఏదో ఒత్తుతున్న నరంలో జరుగుతుంది. అలా కనిపిస్తే వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. యాంజియోగ్రామ్, ఎమ్మారై రిపోర్టులు వచ్చాక కనుపాప ఫోటోతోపాటు, కన్ను ఏ దిక్కుకు ఎంత తిరుగుతోందో రాసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.